ఆరంకెల దొరవారికి ఒక పోస్ట్‌మన్ అర్జీ

మహారాజశ్రీ ఓటీపీ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి.

అలవాటు కొద్దీ అలా మొదలుపెట్టాను, మన్నించండి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరి క్షేమం అడుగుదామంటే జవాబు వచ్చేలోపు తమరుండరు. పుట్టిన కొద్ది నిమిషాలకే కాలం చేసే జన్మ తమరిది. ఈ పేరా చివరికొచ్చేసరికి ఒక తమరు వెళ్ళిపోయి ఇంకొక తమరు వచ్చి ఉంటారు. అందుకని ఈ అర్జీ తమరికీ, తమరి తర్వాత పుట్టే తమరికీ, ఆ తర్వాతి తరాలన్నిటికీ కలిపి రాస్తున్నాను. వంశపారంపర్యంగా చదువుకోగలరు.

ముందు నేనెవరినో చెప్పుకోవాలి. 1981లో గుడివాడ పక్క పల్లెలో ఈడీగా చేరాను. ఈడీ అంటే ఈ రోజుల్లో జనం ఇంకేదో అనుకుని తలుపులేసుకుంటున్నారు గానీ మాది ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. సోదాలు మాకు తెలియవు. ఉత్తరం ఇచ్చి, మజ్జిగ తాగి, పక్క వీధికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఆ ఉద్యోగాన్నే గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. పన్నెండేళ్ళు ఆ పని చేశాక, 1993లో పరీక్ష పాసై పోస్ట్‌మన్నయ్యాను. 2018లో రిటైరయ్యాను. మొదటి పన్నెండేళ్ళూ పెన్షన్ లెక్కలోకి రాలేదు. ఆ పాపం తమరిది కాదులెండి, అప్పటికి తమరింకా మా ఊరు రాలేదు.

తమరిని చూసినప్పుడల్లా నాకు చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఎందుకంటే తమరూ ఆరంకెలే, మా పిన్‌కోడూ ఆరంకెలే. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. దాన్ని ఆలోచించిన పెద్దమనిషి శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు తపాలా శాఖలో పెద్ద అధికారి, పైగా సంస్కృతంలో కవిత్వం రాసినవారు. ఒకే పేరున్న ఊళ్ళు దేశంలో కుప్పలుతెప్పలు. మన దగ్గరే చూడండి, కొత్తపల్లులెన్ని, రామాపురాలెన్ని! దానికి తోడు ఎవరి భాషలో వాళ్ళు చిరునామా రాసి డబ్బాలో వేస్తారు. ఆ చిక్కు విప్పడానికి పుట్టిన అంకెలవి. గుడివాడది 521301. మొదట 5 కనిపించగానే తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటకల వైపు అని తేలిపోతుంది. రెండో అంకెతో ఇంకాస్త దగ్గరకి, మూడోదానితో సార్టింగ్ జిల్లాకి వస్తాం. చివరి మూడంకెలు ఉత్తరం పంచే ఆఫీసువి. ఒక్కో అంకె ఉత్తరాన్ని మనిషికి ఒక్కో మెట్టు దగ్గర చేస్తుంది. అంకెలు ఆగిపోయిన చోట పోస్ట్‌మన్ కాళ్ళు అందుకుంటాయి.

తమరి అంకెలకి ఊరూ లేదు, దిక్కూ లేదు. మనిషిని వెతుక్కుంటూ వెళ్ళే పని వాటికి పెట్టలేదు. వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపి "నువ్వు నువ్వేనా?" అని నిలదీయడమే వాటి ఉద్యోగం. చుట్టరికం ఉన్నా మనిద్దరి పనులూ ఎదురెదురు.

అసలు విషయానికొస్తాను. నేను సర్వీసులో ఉండగా కొన్ని ఊళ్ళలో తపాలా డిస్పెన్సరీలుండేవి. తర్వాత వాటిని సీజీహెచ్‌ఎస్‌లో, అంటే 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకంలో, కలిపేశారు. ఆ పథకం లేని చోట ఉండే పెన్షనరు నెలకి వెయ్యి రూపాయల వైద్య భత్యం పుచ్చుకోవచ్చు. 2017 జూలై దాకా అది ఐదువందలే. లేదా చందా కట్టి కార్డు తీసుకోవచ్చు. నా స్థాయివాడికి చందా నెలకి 250. పెన్షనరు పదేళ్ళ చందా ఒక్కసారే కట్టేస్తే బతికున్నంత కాలం చెల్లే కార్డిస్తారు. నూట ఇరవై నెలలకి లెక్కేస్తే 30,000 రూపాయలు. గ్రాట్యుటీలోంచి తీసి కట్టేశాను.

"ఆ డబ్బుతో కాసు బంగారం వచ్చేదిగా" అంది మా ఆవిడ. ఇప్పటి ధరలు చూస్తే ఆవిడే గెలిచినట్టుంది. కానీ నా గుండెలో స్టెంటు వేసిన రోజు ఆ కార్డే ఆదుకుంది. ఆ విశ్వాసం నాకుంది. కనుక ఇది పథకం మీద ఫిర్యాదని ఎవరూ అనుకోవద్దు.

ఆ మాటకొస్తే ఆన్‌లైన్ మీద కూడా నాకు కోపం లేదు. 2025 ఏప్రిల్ 28 నుంచి సీజీహెచ్‌ఎస్ కూడా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. డాక్టరు అపాయింట్‌మెంటు, చందా, కార్డు మార్పులు అన్నీ ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చన్నారు. క్యూల్లో మోకాళ్ళరిగినవాణ్ణి, ఆ సుఖం వద్దంటానా? నా గొడవ ఏ ఒక్క ఆఫీసుతోనో కాదు. పెన్షన్ తలుపు తట్టినా, బ్యాంకు తలుపు తట్టినా, గ్యాసు బండ తలుపు తట్టినా, మందుల తలుపు తట్టినా గుమ్మంలో కుర్చీ వేసుకుని తమరే కూర్చుని ఉన్నారు. అందుకే ఊరూ పేరూ రాయకుండా నేరుగా తమరికే విన్నవించుకుంటున్నాను.

రిటైరయ్యేనాటికి నాది బటన్ల ఫోను. కాగితాల్లో నంబరు రాయాల్సి వస్తే మావాడు "నా నంబరివ్వు నాన్నా, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. ఇచ్చాను. తర్వాత వాడు డల్లాస్ వెళ్ళాడు. ఆవకాయ, గోంగూర పచ్చడితో పాటు ఆ సిమ్ము కూడా పట్టుకెళ్ళాడు. ఇండియా ఓటీపీల కోసం అమెరికాలో ఇండియా సిమ్ము బతికించుకోవడం అక్కడి మనవాళ్ళందరికీ మామూలేనట.

మొన్న వేసవిలో మందుల కాగితం పని పడి, పొద్దున్న పదకొండింటికి తెర ముందు కూర్చున్నాను. నంబర్లన్నీ కొట్టాక "మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాం" అని వచ్చింది. కింద అంకెలు తగ్గుకుంటూ పోతున్నాయి. మావాడికి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట.

"నాన్నా! ఏమైంది? అమ్మ బాగానే ఉందా?"

"బాగానే ఉందిరా. ఓటీపీ వచ్చిందా?"

అటునుంచి పెద్ద నిట్టూర్పు. "దానికోసమా! గుండె ఆగినంత పనైంది. ఉండు, ఆ ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంది."

చెప్పుల చప్పుడు వినిపించింది. ఏదో కుర్చీ తగిలింది. పసిపిల్ల లేచి ఏడ్చింది. కోడలు "ఎవరండీ?" అంది. "నాన్న. ఓటీపీ" అన్నాడు వాడు. మరణవార్త వచ్చిన ఇంట్లో కూడా అంత హడావుడి నేను చూడలేదు. నా చేతుల మీదుగా టెలిగ్రాంలు ఎన్ని వెళ్ళాయో ఆ దేవుడికే తెలుసు, అయినా చూడలేదు. చివరికి వాడు "నాలుగు, ఏడు, ఏడు..." అని మొదలుపెట్టాడు. మూడో అంకె కొట్టేసరికి తెర మీద "గడువు ముగిసింది" అని ఎర్రగా వచ్చింది.

ఎంత చిత్రమో చూడండి. ఇక్కడ బయల్దేరిన తమరు రెప్పపాటులో సముద్రాలు దాటి డల్లాస్ చేరారు. అక్కడి హాల్లోంచి నా చెవిలోకి రావడానికి మాత్రం తమరికి ఆయుష్షు చాలలేదు.

సరే, నంబరే మార్చేద్దామనుకున్నాను. మార్చాలంటే పాత నంబరుకి ఓటీపీ వస్తుందట. ఇల్లు ఖాళీ చేసినవాడి కొత్త చిరునామా కనుక్కోవడానికి ఆ ఖాళీ ఇంటికే ఉత్తరం రాసినట్టుంది! మా రోజుల్లో ఇల్లు మారినవాడు ఆఫీసులో ఒక కాగితం రాసిస్తే చాలు, పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసి పంపేవాళ్ళం. ఒక్కోసారి కాగితం కూడా ఉండేది కాదు. పక్కింటావిడ చేట చెరుగుతూ "వాళ్ళు మొన్ననే పామర్రు పోయారయ్యా, కూతురి దగ్గరికి" అనేది. ఉత్తరం పామర్రు వెళ్ళేది. రిజిస్టరు ఉత్తరం తీసుకెళ్తే ఇంటికి తాళముందనుకోండి, చీటీ వదిలి వచ్చేవాళ్ళం. ఆఫీసులో ఆ ఉత్తరం ఏడు రోజులు ఎదురుచూసేది. ఏడు రోజులు! ఆ రిజిస్టరు పోస్టుని కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. తమరి గాలి మా మీదకి కూడా వీచింది.

ఇక పేర్ల సంగతి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. నా సర్వీసు పుస్తకంలో ఒక పొడి అక్షరం, చుక్క, పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి ముందు రాశారు. పాన్ కార్డులో దాన్ని తోకలా వెనక తగిలించారు. తెర మీద మూడు గళ్ళుంటాయి: మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు. మొదటి పేరంటే మొదట రాసేదా, బారసాలనాడు పెట్టిందా? మా నాన్న అప్పట్లో ఇంకో పేరు కలిపి ఉంటే మధ్య గడి కూడా నిండేది, పాపం ఆయనకి తోచలేదు. ఎటు తిప్పి రాసినా "వివరాలు సరిపోలడం లేదు" అనే అంటుంది తెర.

మా ఆవిడ పేరులో లక్ష్మి ఉంది. పెన్షన్ పుస్తకంలో ఆ లక్ష్మిని ఇంగ్లీషులో కేతో రాశారు. ఆధార్‌లో ఎక్స్‌తో రాశారు. తమరి లెక్కలో నాకిద్దరు భార్యలు. కడుపునొప్పి మాత్రం ఇద్దరు లక్ష్ములకీ కలిపి ఒకటే వస్తుంది.

దొరవారూ, ఒక్క ఉత్తరం సంగతి చెప్పనివ్వండి. నేను ఈడీగా ఉన్న కొత్తల్లో ఒక కార్డు ముక్క వచ్చింది. చిరునామా దగ్గర "మా మేనత్తగారికి, రావిచెట్టు ఎదురుగా అరుగున్న ఇల్లు" అని రాసి, కింద ఊరి పేరు. అంతే. రావిచెట్టుకి ఎదురుగా అరుగులున్న ఇళ్ళు మూడున్నాయి. మూడు ఇళ్ళలోనూ మేనత్తలున్నారు. నేను కార్డు మీది డేట్ స్టాంపు చూశాను. ఖరగ్‌పూర్. మేనల్లుడు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేస్తున్నది ఒక్క ఇంటికే. వెళ్ళి ఇచ్చాను. ఆవిడ కార్డు అందుకుని "చదివి పెట్టు నాయనా" అని అరుగు మీద చాప వేసింది. దొడ్లో కాసిన రెండు దోసకాయలు చేతిలో పెట్టింది. పేరే లేని ఉత్తరాన్ని మనిషికి చేర్చినవాణ్ణి నేను. పేరు, పుట్టిన తేదీ, పెన్షన్ నంబరు, ఫోటో అన్నీ ఉన్న మనిషిని ఒక్క అక్షరం కోసం వెనక్కి పంపేవారు తమరు.

తమరి తమ్ముడు క్యాప్చా గారి గురించి రెండు ముక్కలు. డాక్టర్ల రాత, ప్లీడరు గుమాస్తాల రాత, ప్రేమికులు చీకట్లో గీకిన రాత అన్నీ పాతికేళ్ళు చదివినవాణ్ణి. ఆయన రాత మాత్రం నాకు లొంగలేదు. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి ఎస్ కనపడితే ఐదంటారు, ఐదంటే ఎస్ అంటారు. "నేను రోబోను కాను" అని ప్రమాణం కూడా చేయిస్తారు. ఎదురుగా ఉన్నది యంత్రం, ప్రమాణం చేయాల్సింది నేను!

చివరికి వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ తమరి వైభవం ఇంకో రకం. "ఎవరికీ చెప్పకండి" అని తమరే హెచ్చరిస్తారు. మోసపోతే 1930కి ఫోన్ చేయమని టీవీలో ఊదరగొడతారు. నెట్ సెంటర్ కుర్రాడేమో హెడ్‌ఫోన్లు తీయకుండానే "తాతగారూ, ఓటీపీ గట్టిగా చెప్పండి" అంటాడు. బెంచీ మీద నలుగురున్నారు. ఆశీర్వచనం చదివినట్టు నేను పైస్థాయిలో చెబుతాను. వెనక కూర్చున్న పెద్దావిడ "చివరిది ఆరా, తొమ్మిదా?" అని నా తరఫున అడుగుతుంది. కార్డు ముక్కల మీద కుటుంబాల గుట్లన్నీ చదివి కూడా పెదవి విప్పని ఉద్యోగం చేశాను నేను. నా రహస్యం ఇప్పుడు బెంచీ అంతటిదీ.

ఇక బొటనవేలు. నవంబరు వస్తే మేం బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. ఎనభై దాటినవాళ్ళకి అక్టోబరు నుంచే వీలిస్తారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ రుజువు కూడా డిజిటల్ అయింది. డెబ్బై రూపాయలకి పోస్ట్‌మనే ఇంటికొచ్చి చేసిపెడతాడు. నా పాత బీట్‌లో ఇప్పుడు తిరిగే కుర్రాడే వచ్చాడు. బీట్ వరసలో ఉత్తరాలు సర్దడం నా దగ్గరే నేర్చుకున్నాడు వాడు. చిన్న యంత్రం మీద నా వేలు పెట్టించాడు. కలవలేదు. తుడిచి పెట్టించాడు. కలవలేదు. వేళ్ళన్నీ అయిపోయాయి. మెయిల్ సంచుల పురికొస, లక్క, డేట్ స్టాంపు సిరా, ఇన్నేళ్ళ సైకిల్ హ్యాండిలు కలిసి ఆ గీతలు ఎప్పుడో అరగదీసి ఉంటాయి.

"మీరు మీరేనని నాకు తెలుసు బాబాయ్, దీనికే తెలియడం లేదు" అన్నాడు వాడు, తనదే తప్పన్నట్టు తలొంచుకుని.

నాకు మా ఊరి ముసలమ్మలు గుర్తొచ్చారు. పెన్షన్ మనియార్డరు ఇచ్చేటప్పుడు వాళ్ళ బొటనవేలికి సిరా అద్ది ఫారం మీద ముద్ర వేయించేవాణ్ణి, పక్కింటివాళ్ళతో సాక్షి సంతకం పెట్టించేవాణ్ణి. నాట్లు వేసి, పిడకలు చేసి అరిగిన వేళ్ళు. ముద్ర బదులు నల్లటి మచ్చ పడేది. "అయ్యో, సరిగ్గా పడలేదే" అని కంగారు పడేవాళ్ళు. "పోనీలే అమ్మా, నీ మొహమే నీ ముద్ర" అని డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాణ్ణి.

కుర్రాడు ఫోన్ నా మొహానికెదురుగా పట్టాడు. "మొహంతో కూడా అవుతుంది బాబాయ్. ఒకసారి కళ్ళు ఆర్పండి." ఆర్పాను. అయింది. నేను బతికే ఉన్నానని తేలింది. నా మాట ఇన్నేళ్ళకి నాకే తిరిగొచ్చింది. యంత్రానికి నేర్పితే మొహం చూడడం కూడా నేర్చుకుంటుందని ఆ రోజే తెలిసింది. ఆ ధైర్యంతోనే తమరికి ఈ అర్జీ. నా విన్నపాలు నాలుగే.

ఒకటి. అరవై దాటినవాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు తమరు కాస్త ఎక్కువసేపు బతకండి. రిజిస్టరు ఉత్తరంలా ఏడు రోజులు ఉండమనను. కళ్ళజోడు వెతుక్కునేంతసేపు చాలు.

రెండు. పాత నంబరు పోయినవాడికి ఇంకో దారి చూపించండి. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చే పని పోస్ట్‌మన్లు ఇప్పటికే ఇంటికొచ్చి చేస్తున్నారు. మనిషిని ఎదురుగా చూసి నంబరు మార్చే ఆ పద్ధతే మిగతా తలుపులన్నిటికీ పెట్టించండి. కొత్తగా ఏదీ కట్టక్కర్లేదు, పోస్టాఫీసు ప్రతి ఊరికీ దగ్గర్లోనే ఉంది.

మూడు. వెనక్కి పంపితే కారణం రాయండి. మేం ఉత్తరం వెనక్కి పంపాలంటే "ఇల్లు తాళం", "తీసుకోనన్నారు", "ఈ చిరునామాలో లేరు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. తమరి వాళ్ళు రాసేది "ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి". కవరు మీద నేనలా రాసి ఉంటే మా పోస్ట్‌మాస్టరు మర్నాడే మెమో ఇచ్చేవారు.

నాలుగు. అన్ని తలుపుల వెనకా ఎక్కడో ఒక మనిషిని కూర్చోబెట్టండి. రోజుకి రెండు గంటలైనా చాలు. రెండు లక్ష్ములూ ఒకే లక్ష్మి అని ఒప్పుకునే అధికారం అతనికివ్వండి.

డెబ్బై దాటిన పెన్షనర్లు సీజీహెచ్‌ఎస్‌లో రిఫరల్ లేకుండానే స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళొచ్చట. నాకింకా మూడేళ్ళుంది. ఈలోపు ఈ నాలుగూ అయితే సంతోషం.

ఈ లేఖ కాగితం మీద చేత్తోనే రాశాను. కవరులో పెట్టి, స్టాంపు అంటించి, ఇప్పుడు డబ్బా దగ్గరకి వెళ్తున్నాను. చిరునామా దగ్గర "శ్రీ ఓటీపీ గారు" అని మాత్రం రాశాను. పిన్‌కోడ్ తెలియదు. ఇలాంటి ఉత్తరం ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. కొన్నాళ్ళు ఇటూ అటూ తిరిగి, రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి చేరుతుంది. పూర్వం దాన్ని డెడ్ లెటర్ ఆఫీసు అనేవారు. పంపినవాడి చిరునామా కోసం కవరు విప్పి చూడడం అక్కడి వాళ్ళ పని.

అందుకే నా చిరునామా కవరు మీద వేయలేదు. లోపల, ఈ ఆఖరి పేజీ అడుగున వేశాను. దాని కోసం ఎవరో ఒకరు ఈ పేజీలన్నీ తిప్పాలి. తిప్పుతూ తిప్పుతూ రావిచెట్టు దగ్గరో, రెండు లక్ష్ముల దగ్గరో ఒక్క నిమిషం ఆగకపోరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
రిటైర్డ్ పోస్ట్‌మన్ (మొహం ముద్ర సరిపోయింది, వేలిముద్ర సరిపోలేదు)

నకలు: శ్రీ క్యాప్చా గారికి, అక్షరాలు సరిగ్గా రాయవలసిందిగా కోరుతూ.